రెండో చిప్ప లేని తరాజు

ఇప్పటికీ పిల్లల దవాఖానలో కొక్కేనికి వేలాడే కాంటా కనబడితే నా చూపు పక్కకు తిప్పుకుంటాను. అందులో పిల్ల ఉంటే మరీను. మా మనవడికి టీకా వేయించడానికి పోయినప్పుడు కూడా వాణ్ని కోడలి చేతికిచ్చి వరండాలో నిలబడ్డాను. "సూదికి భయమా అత్తమ్మా" అని కోడలు నవ్వింది. సూదికి కాదు. కానీ అంత కథ వరండాలో చెప్పేది కాదు కనుక, అవునమ్మా అని ఊరుకున్నాను.

ఎనభయ్యో దశకం మొదట్లో మాట ఇది. వరంగల్ గ్రైన్ మార్కెట్ వెనుక గల్లీలో మాది బెల్లం దుకాణం. ముందు దుకాణం, వెనుక గోదాం, పైన ఇల్లు. మామయ్య పోయిన నాటి నుంచి గద్దె మీద అత్తమ్మే కూర్చునేది. మా ఆయన సరుకు కోసం ఊళ్లు తిరిగేవారు. నేను హనుమకొండ పిల్లను, ఇంటర్ దాకా చదివిన కోడలిని. ఆ చదువుతో ఆ ఇంట్లో నాకు దక్కిన మర్యాద ఏమిటంటే, కరెంటు ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా అది నా ముందు పడేసేవాళ్లు.

మాఘం మొదలుకొని ఎండలు ముదిరేదాకా మార్కెట్‌లో మిర్చి కాలం. నర్సంపేట వైపు నుంచి, ములుగు వైపు నుంచి బండ్లు, లారీలు బారులు తీరేవి. ఆ నెలల్లో మా గల్లీలో తుమ్మకుండా ఒక మాట పూర్తి చేసినవాళ్లు లేరు. కొత్తలో నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే అత్తమ్మ "హనుమకొండ ముక్కు" అని ఎగతాళి చేసేది. కానీ ఆ ఘాటులోనే పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చొని తొడిమలు తీసే ఆడవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లలో సగంమందికి చంటిపిల్లలు. పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతారు? ఖాళీ గోనె సంచి పరిచి, నిలబెట్టిన బండి కింద నీడలో.

వాళ్లలో ఒకామె మా దుకాణం వెనుక వాడకట్టులోనే ఉండేది. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల ఒక పక్కకు వంచి ఉండేది. ఆమె మొదటి కొడుకు అట్లాగే బండి కింద నిద్రపోతుంటే, లారీ హారనుకు ఎద్దులు బెదిరి బండి వెనక్కి జరిగింది. అరుపు మా మేడ మీదికి వినబడింది. నేను కిటికీ దాకా పోయి, అవతలికి చూడలేక, కిటికీ రెక్క మూసేసి లోపల కూర్చున్నాను. అప్పుడు నా కొడుకు పొట్టలో ఉన్నాడు. వాడు పుట్టేదాకా నాకు ఎద్దు మెడలో గంట వినబడితే చాలు, కడుపు మీదికి చెయ్యి పోయేది.

ఆ తర్వాతి ఏడే హనుమకొండ మహిళా మండలి వాళ్లు మా ఇంటికి వచ్చారు. కూలి పనికి పోయే తల్లుల పిల్లల్ని పగటిపూట చూసుకునే కేంద్రం పెడితే సర్కారు సంక్షేమ బోర్డు గ్రాంటు ఇస్తుందట. ఆయమ్మ జీతం, పాలపొడి, గోధుమ రవ్వ, చాపలు, బొమ్మలు అన్నీ దాంట్లోనే. కాకపోతే కొంత భాగం మనం ఊళ్లో పోగు చేయాలి, జాగా చూపించాలి. నేను వాళ్ల వెంట సేట్ల దుకాణాలకు చందాలకు తిరిగాను. పిల్లల గురించి రెండు వాక్యాలు చెప్పేలోపు ప్రతి సేటూ అడిగిన మొదటి మాట ఒకటే: ఇన్‌కం టాక్సులో పనికొచ్చే రశీదు ఇస్తారా అని. ఇస్తామంటే జేబులో చెయ్యి పడేది. మా అత్తమ్మ గోదాంలో సగం విడిచిపెట్టింది కూడా ఆ రశీదు మాట విన్నాకనే. బోర్డు పేరు ఉన్నన్నాళ్లే ఆ రశీదుకు విలువ. అది పోతే చందాలూ పోతాయి, గోదాంలో సగం మళ్లీ బెల్లం సంచులకే పోతుంది. ఇదంతా నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. అందుకే ఆ కేంద్రాన్ని ఎప్పుడు చూసినా నాకు సంతోషం కంటే ముందు గుబులే పుట్టేది.

మొదటి రోజు అందరికంటే ముందు వచ్చింది, బండి కింద కొడుకు పోయిన ఆమే. చంకలో నెలల పిల్ల. కొడుకు పోయాక పుట్టింది. లోపలికి రాకుండా గోదాం నాలుగు మూలలూ చూసింది. "లోపటికి బండ్లు రావు గదా పంతులమ్మా" అని అడిగింది. కేంద్రం చూసుకునేదాన్ని కనుక వాడకట్టుకు నేను పంతులమ్మను. రావని చెప్పాను. వీధి తలుపుకు గొళ్లెం ఉందా అని అడిగింది. వేసి చూపించాను. అప్పుడు పిల్లను నా చేతుల్లో పెట్టింది. పెట్టిందే కానీ, కొంగు చివర పిల్ల పిడికిట్లో ఉండిపోతే విడిపించుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

ఆ మాఘంలోనే, రెండేళ్లకొకసారి జరిగే మేడారం జాతర వచ్చింది. జాతర ఏడు మా దుకాణం ముందు ఇసుక వేస్తే రాలదు. మేడారం దేవతలను తల్లులంటాం, ఆ తల్లులకు బెల్లమే బంగారం. మొక్కుకున్నవాళ్లు పెద్ద తరాజు ఒక చిప్పలో తాము కూర్చుంటారు, లేదా పిల్లల్ని కూర్చోబెడతారు. ఎదురు చిప్పలో బెల్లం ముద్దలు పెడతాం. తూగినంత బంగారం నెత్తిన పెట్టుకొని మేడారం పోతారు. కొడుకు పోయిన ఆ తల్లి కూడా బిడ్డను తెచ్చింది. బంగారం తీసుకుపో కానీ దీన్ని నాకు విడిచిపెట్టు అని మొక్కుకుందట. పిల్లను చిప్పలో పెట్టాం. మా ముద్దలన్నీ ఒకే మూసలో పోసినవి, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. అత్తమ్మ మా వ్యాపారంలో అందరూ లెక్కపెట్టినట్టే ఒకటి అనే మాట నోట రాకుండా పలికింది: "లాభం. రెండు. మూడు." మూడు ముద్దలు, పైన చిన్న బెల్లం పలుకు. ముల్లు నిలబడింది. ఆ తల్లి ముఖంలో నేను మొదటిసారి నవ్వు చూశాను.

బోర్డు వాళ్లు గ్రాంటు రెండు విడతలుగా ఇచ్చేవాళ్లు. రెండో విడత రావాలంటే ఇన్‌స్పెక్షన్ కావాలి. మొదటి ఏడు వచ్చినాయన పిల్లల తలలు లెక్కపెట్టి, అత్తమ్మ పంపిన చాయ్ తాగి, సంతకం పెట్టి పోయాడు. మరుసటి ఏడు నిబంధన మారింది. పెట్టే తిండి పిల్లల ఒంటికి పడుతోందో లేదో చూడాలి కనుక ప్రతి పిల్లనూ ఆఫీసరు ముందు తూచాలట. తూకాలు చూపించని కేంద్రానికి రెండో విడత లేదు. తూచడానికి కాంటా కూడా వాళ్లే పంపారు. గుండ్రటి డబ్బా, ముందు ముల్లు, పైన ఒక కొక్కెం, కింద ఒక కొక్కెం. కింది కొక్కేనికి కాళ్లు పెట్టడానికి రెండు చిల్లులున్న గుడ్డ సంచి.

నేనూ ఆయమ్మా దాన్ని గోదాం దూలానికి కట్టాం. అది మిర్చి కాలం నట్టనడుమ. ఆఫీసరు వచ్చే ముందు ఒకసారి చూసుకుందామని, ఏడవని పిల్ల ఎవరా అని చూశాను. జాతరకు తూచిన ఆ పిల్లే. నడక ఇంకా రాలేదు, మూలన కూర్చొని కళ్లతోనే అందరినీ చూసేది. సంచిలో పెట్టి వదిలితే గాలిలో నెమ్మదిగా తిరిగింది. కాళ్లు రెండూ సన్నగా కిందికి వేలాడాయి. సరిగ్గా అప్పుడే దాని తల్లి మధ్యాహ్నం పని వదిలి వచ్చింది.

ఆమె అరవలేదు. దగ్గరికి వచ్చి పిల్లను సంచిలోంచి తీసి భుజాన వేసుకుంది. ఆ డబ్బాను చుట్టూ తిరిగి చూసింది.

"రెండో చిప్ప ఏది పంతులమ్మా?"

"దీనికి రెండో చిప్ప ఉండది, స్ప్రింగు లోపల్నే ఉంటది" అన్నాను. నాకు నవ్వు కూడా వచ్చింది. ఆమె నా నవ్వు చూసి, దూలం వైపు చూసి, పిల్లతో వెళ్లిపోయింది.

మరునాడు ఒక్క పిల్లా రాలేదు. ఆయమ్మ రవ్వ ఉడికించి గిన్నె ముందు కూర్చుంది. గోదాంలో చప్పుడు లేకపోతే ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. "ములుగు తోవల బ్రిడ్జి కడ్తాన్రట, నిలుస్తలేదట, పిల్లల బలి అడుగుతాందట" అని ఆయమ్మ నేల చూస్తూ చెప్పింది. "తూకం సూసుకొని జీపుల ఏసుకపోతరని యార్డంత అనుకుంటాన్రు." తను కూడా నమ్ముతోందని గొంతే చెప్పింది. నాకు కోపం నషాళానికి అంటింది. చేసిన చాకిరీకి ఇదా అనుకున్నాను. కోపం కింద మాత్రం భయమే ఉంది. ఆఫీసరు వచ్చే రోజు దగ్గరపడింది. వచ్చి ఖాళీ చాపలు చూస్తే అదే ఆఖరు.

మార్కెట్ యార్డుకు పోయాను. ముక్కుకు కొంగు కట్టుకున్నా కళ్లు మండిపోయాయి. ఆమె మిర్చి రాశి అంచున కూర్చొని ఉంది. పక్కనే బండి. బండి కింద సంచి మీద పిల్ల. కళ్లు ఎర్రబడి, ముక్కు కారుతూ, దగ్గుతో ఒళ్లంతా ఎగిరి పడుతోంది. చక్రం వెనుక ఒక పెద్ద రాయి అడ్డం పెట్టి ఉంది. నేను చూస్తుండగానే ఆమె లేచిపోయి రాయిని కాలితో తన్ని చూసి, కదలడం లేదని రూఢి చేసుకొని, మళ్లీ వచ్చి కూర్చుంది. కాసేపటికి మళ్లీ లేచింది. నా కోపం ఎటు పోయిందో పోయింది.

"ఎందుకే చెల్లె ఇట్ల చేస్తాన్రు? గీ ఘాటుల పండవెడ్తె మంచిదా?" అన్నాను.

ఆమె చేతిలో కాయ తొడిమ తీస్తూనే చెప్పింది. "సర్కారోడు పాలు పోసె, రవ్వ పెట్టె, ఆయమ్మకు జీతమిచ్చె. ఊకెనే ఇస్తడా పంతులమ్మా? రైతుకు ముందుగాల పెట్టుబడి ఇచ్చిన సేటు ఏంజేస్తడు? పంటొచ్చినంక కాంట ఎక్కిచ్చి తీస్కపోతడు. కాంటెక్కినంక ఇగ రైతుదేమున్నది?"

"పిల్లలు పంటానే?"

"తల్లులకు తూసినప్పుడు ఎదురుంగ బంగారం పెడ్తం. తల్లి బంగారం తీస్కొని బిడ్డను మనకు ఇడిసిపెడ్తది. నీ కాంటకు ఎదురుంగ ఏం లేదు. అది ఏం తీస్కుంటది మరి?"

ఇంటర్ చదివిన దాన్ని, స్ప్రింగు గురించి చెప్పగలను. ఆమె అడిగింది స్ప్రింగు గురించి కాదు. రోజూ యార్డులో కళ్లముందు జరిగేదే చెప్పింది. పైగా అబద్ధమెందుకు, నాకూ ఆ భయం తగిలింది. కాంటా కట్టిన నాడు నా కొడుకును కూడా అదే కొక్కేనికి కట్టి చూద్దామనుకున్నదాన్ని. ఇంటికి రాగానే వాణ్ని ఎత్తుకొని, వాడు దింపు దింపు అని గింజుకున్నా దింపలేదు.

అత్తమ్మ గద్దె మీద ఉంది. చిల్లర బెల్లం కొట్టి ఇస్తూ నేను చెప్పిందంతా విన్నది. ఆమె ముక్కు మీద కోపం మనిషి. ఆ ముండలకు బుద్ధి లేదని తిడుతుందనుకున్నాను.

"వాళ్లన్నదాంట్ల తప్పేమున్నదే?" అన్నది. "ఎదురు లేకుంట ఎవడన్న తూస్తడా? నువ్వు సదువుకొని ఏం లాభం."

"మరి ఇన్‌స్పెక్షన్ ఎట్ల అత్తమ్మా?"

సుత్తి పక్కన పెట్టింది. "మన తరాజు లేదా? గోదాంల కట్టియ్యి. బెల్లం పెట్టి తూత్తం. తర్వాత ఆ బెల్లం ఎంతున్నదో ఇనుప కిలో బాట్లు పెట్టి సూస్తే ఆఫీసరుకు కిలోలు దొరుకుతై." నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆమె ఆగి, గొంతు తగ్గించి అన్నది: "కని జర ఇను. తల్లుల పేరు తల్సుకొని తూసిన బెల్లం మల్ల మన సంచులల్లకు రావద్దు. ఒక్క పలుకు సుత రావద్దు. ఇంట్ల పోరగాడున్నడు."

నేల మీద రాలిన బెల్లం పొడిని కూడా ఊడ్చి డబ్బాలో దాచే మనిషి ఆమె. అంతమంది పిల్లల బరువు బెల్లం వదులుకుంటానన్నది. దానగుణంతో అన్నదని నేను అనుకోను. ఆ ముఖం నేను చూశాను, ఆమె కూడా భయపడింది. ఆ రోజు మా గల్లీలో భయపడని మనిషి లేదు, ఒక్కొక్కరిదీ ఒక్కో భయం.

వాడకట్టుకు ఆయమ్మతో కబురు పంపాం. బంగారం ఎదురు పెట్టి తూస్తాం, బంగారం మీరే తీసుకుపోవచ్చు, తల్లులకు పెట్టుకోండి అని. అవునని ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున పెద్ద తరాజు గోదాంలో కట్టించాం. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకొని వచ్చారు కానీ ఎవరూ గడప దాటలేదు. గోడ వారన నిలబడ్డారు. అంతలో గల్లీ మలుపులో జీపు హారను వినబడింది. నిలబడ్డవాళ్లంతా ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కొంగుల కింద దాచేసి నడక అందుకున్నారు. అయిపోయిందనుకున్నాను.

"యాడికే?" అని అత్తమ్మ గడపలోంచి గద్దించింది. ఆమె నా కొడుకును ఎత్తుకొని ఉంది. నన్ను అడగలేదు, నా వైపు చూడలేదు. వాణ్ని తీసుకుపోయి చిప్పలో కూర్చోబెట్టింది. జాతర కాని రోజున, జీపు గుమ్మంలో ఉండగా, నా కొడుకు చిప్పలో ఊగుతుంటే వాణ్ని లాక్కుందామని ఒక అడుగు వేశాను. చదువు ఏ మూలా అడ్డం రాలేదు. "లాభం" అని అత్తమ్మ మొదటి ముద్ద పెట్టింది. ముల్లు నిలబడేదాకా పెడుతూ పోయింది. వాణ్ని దింపి నా చేతుల్లో పెట్టి, ఆ బెల్లాన్ని వేరే గుడ్డలో మూట కట్టింది. వెళ్లిపోతున్నవాళ్లు ఆగి చూశారు. తర్వాత ఒకామె గడప దాటింది.

జీపు దిగిన ఆఫీసరు నడి వయసు మనిషి, కళ్లద్దాలు, నలిగిన కాటన్ చీర. తరాజు చూసి, బెల్లం చూసి, "మేము పంపిన కాంటా ఏమైందమ్మా?" అన్నది. నేను తడబడుతూ చెప్పాను. ఆమె చివరిదాకా విని, సరే కానివ్వండి, కిలోలు నాకు సరిగ్గా రావాలి అని కుర్చీ లాక్కుంది. ఒక్కొక్క పిల్లే వచ్చింది. తూయడం, మళ్లీ ఆ బెల్లాన్ని బాట్లు పెట్టి తూయడం, ఆమె రాసుకోవడం. తల్లులు మూటలు కట్టుకొని ముఖాలు తేటపడి అవతలికి పోతున్నారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

చివరికి ఆ తల్లి వచ్చింది. పిల్లను చిప్పలో పెట్టి చెయ్యి మాత్రం తియ్యలేదు. "ఒంటి మీద చెయ్యుంటే ఎట్లనే" అని అత్తమ్మ మెల్లగా చెప్పి చెయ్యి తీయించింది.

"లాభం. రెండు. మూడు."

పిల్ల చిప్ప లేచింది. పైన చిన్న పలుకు పెట్టింది అత్తమ్మ. ముల్లు నిలబడింది.

ఆ తల్లి ముద్దల వైపు చూసింది. వాటిని వేలితో తాకుతూ పోయింది, పలుకును కూడా తాకింది. తల ఒక పక్కకు వంచి, మళ్లీ మొదటి ముద్ద నుంచి తాకింది.

"జాతరకు గింతే గదా సావుకారమ్మా" అన్నది. "గిదే మూడు ముద్దలు. గంతే పలుకు."

అత్తమ్మ చేతిలో మూట కట్టే గుడ్డ అట్లాగే ఉండిపోయింది. జాతర పోయి ఏడాది దాటింది. అప్పటికి ఆ పిల్ల సరిగ్గా కూర్చోవడం కూడా రాని చంటిది. నా కొడుకు ఆ ఏడాదిలో పాంటులు పొట్టయిపోయి కొత్తవి కుట్టించుకున్నాడు. ఈ పిల్లకు పలుకంత కూడా పెరగలేదు. రోజూ చూస్తున్నాం, రోజూ ఎత్తుకుంటున్నాం, ఏడవదని మెచ్చుకుంటున్నాం. ఎవరికీ కనబడలేదు. మమ్మల్ని కాంటా ఏం తీసుకుంటుందని అడిగింది కదా, ఏమీ తీసుకోకముందే ఇక్కడేదో పోతూ ఉందని ఆ తల్లికే మొదట తెలిసింది. ఆమె అక్కడే నేల మీద కూలబడింది.

ఆఫీసరు లేచి వచ్చి పిల్ల అంగీ పైకెత్తి పక్కటెముకలు తడిమింది. దగ్గు విన్నది. "రేపు పొద్దున్నే పెద్ద దవాఖానకు తీసుకుపోండి" అని నాతో అన్నది. తర్వాత కలం మూసి కాగితాలు సంచిలో పెట్టుకుంది. "ఒక పిల్ల ఏడాది పాటు పెరగలేదంటే తిండి లోపమా, జబ్బా అని నన్ను పైన అడుగుతారు. డాక్టరు ఏం చెప్పాడో తెలిసేదాకా నేను మీ కేంద్రం గురించి ఏమీ రాయలేను." ఆ మాట ఆమె కోపంగా అనలేదు. అందుకే ఇంకా భయమేసింది.

పెద్ద దవాఖానలో ఆ తల్లీ నేనూ బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఎక్స్‌రే తీయడానికి పిల్లను చల్లటి రేకుకు ఆనించి పట్టుకోవాలి. ఆమె పట్టుకోలేకపోతే నేను పట్టుకున్నాను. నా చేతుల్లో ఆ ఒళ్లు కట్టెపుల్లల మోపులా ఉంది. డాక్టరు ఫొటోను కిటికీ వెలుతురుకు పెట్టి, ఊపిరితిత్తుల్లో క్షయ తొలి మచ్చ అన్నాడు. ఇంత చిన్నపిల్లల నుంచి ఇతరులకు అంటదు, భయపడొద్దన్నాడు. ఏడాది పాటు ఒక్క పూట తప్పకుండా మందు పడాలి, పాలు, గుడ్డు కావాలి, మిర్చి ఘాటు సోకకూడదు. "తప్పితే?" అని నేను అడిగాను. ఆయన ఆ తల్లి వైపు చూసి, మందుల చీటీ నా చేతిలో పెట్టాడు.

దవాఖాన మెట్ల మీద ఆమె నా చెయ్యి పట్టుకుంది. "పంతులమ్మా, కేంద్రం ఉంటదా?" అన్నది. ఉంటుందని చెప్పాను. ఉంటుందో లేదో నాకు తెలియదు. యార్డులో కూర్చుంటే ఆమెకు కూలి దొరుకుతుంది, కానీ పిల్ల బండి కిందికి, ఘాటులోకి పోతుంది. ఇంట్లో కూర్చుంటే ఘాటు ఉండదు, తిండీ ఉండదు. గోదాంలో సగమూ, ఆయమ్మా, ఆ పాలగిన్నే, ఇవి ఉంటేనే ఆ పిల్ల ఉంటుంది. అప్పటిదాకా గ్రాంటు అంటే నాకు చాపలు, జీతం, రవ్వ. ఆ మెట్ల మీద నాకు మొదటిసారి అది ఒక పిల్ల ఊపిరిగా కనబడింది.

డాక్టరు మాట ఆఫీసరుకు చేరవేశాం. ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. పోస్టుమ్యాను గల్లీలోకి వస్తే చాలు నేను గుమ్మంలోకి పరుగెత్తేదాన్ని. కేంద్రం మాత్రం ఆపలేదు, అత్తమ్మ రవ్వ మూటలు సొంత డబ్బుతో కొని సణుగుతూ తెచ్చిచ్చింది. చివరికి రెండో విడత వచ్చింది. జబ్బుపడ్డ పిల్ల ఉంది కనుకనే ఆ కేంద్రం అక్కడ ఉండాలని ఆఫీసరు గట్టిగా రాసిందని మండలి వాళ్లు చెప్పారు. ఆ రోజు ఆమె పేరున నేను కొబ్బరికాయ కొట్టాను.

కానీ భయం పోలేదు, చోటు మారిందంతే. మాత్ర పొడి చేసి తేనెలో కలిపి ఆయమ్మ నాకించేది, అది ఉమ్మకుండా నేను ముక్కు దగ్గర వేలు పెట్టి మాటల్లో పెట్టేదాన్ని. పండక్కి కూడా గోదాం తెరిచాం, ఆ ఒక్క పిల్ల మందు కోసం. వాన రోజుల్లో దగ్గు ఎక్కువైతే తల్లి గోడకు చెవి ఆనించి బయటే కూర్చునేది. మిగతా పిల్లల్ని నెలనెలా బోర్డు కాంటాకే తూచేవాళ్లం. దానికి తల్లులు ఒక ఉపాయం చేశారు. పై కొక్కేనికి ఒక గుడ్డలో బెల్లం ముక్క మూట కట్టారు. ఎదురు చిప్ప ఉన్నట్టే లెక్క. మళ్లీ వచ్చిన ఆఫీసరు ఆ మూట చూసి, చీమలు పట్టకుండా చూసుకోండి అని మాత్రం అన్నది.

ఆ పిల్లను మాత్రం తూయనివ్వలేదు తల్లి. "జాతర దాంక వద్దు పంతులమ్మా. జాతరకే తూద్దాం" అన్నది. తూకాల పుస్తకంలో ఆ పిల్ల గడి నెలనెలా ఖాళీగా ఉంచాల్సి వచ్చింది. నేను ఒప్పుకున్నానంటే ఆమె నమ్మకాన్ని మన్నించి కాదు. ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసే ధైర్యం నాకే లేదు. కొంచెం బుగ్గలు వచ్చాయని ఆయమ్మ అంటే, దిష్టి పెట్టకు అని కసిరేదాన్ని. ఎత్తుకుంటే బరువనిపించేది, అది నిజమా, నా చేతులు కోరుకోవడమా అని తెలిసేది కాదు.

మళ్లీ మాఘం వచ్చింది, జాతర వచ్చింది. దుకాణం ముందు కాలు పెట్టే సందు లేదు. మా ఆయన, నేను, అత్తమ్మ ముగ్గురం తరాజు దగ్గరే ఉన్నాం. జనంలో తల ఒక పక్కకు వంచుకొని ఆమె నిలబడి ఉంది. వాళ్ల వంతు వచ్చింది. పిల్లను చిప్పలో కూర్చోబెట్టి, వెనక్కి తగ్గి, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి.

"పెట్టవే" అన్నది అత్తమ్మ నాతో.

నేను ముద్ద తీసుకున్నాను. జారిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకున్నాను. అత్తమ్మ పలికింది. "లాభం." పెట్టాను. "రెండు." పెట్టాను. "మూడు." మూడోది పెట్టి చెయ్యి తీశాను. ఇక్కడే. రెండేళ్ల కింద చిప్ప లేచింది ఇక్కడే, ఏడాది కింద ఇక్కడే. నేను ముల్లు వైపు చూడలేదు, పిల్ల చిప్ప వైపు చూశాను. అది లేవలేదు. కదలనైనా లేదు. తరాజు ఎక్కడో పట్టుకుందనుకొని గొలుసు కదిపి చూశాను. ఏమీ పట్టుకోలేదు.

"ఏం జూస్తానవే, ఇంకోటి తే" అన్నది అత్తమ్మ. "నాలుగు."

నాలుగోదానికి చిప్ప కొంచెం ఊగి మళ్లీ కిందికే పోయింది. పిల్లకు అది ఆటగా ఉంది, చిప్ప అంచులు పట్టుకొని కిలకిలా నవ్వింది. అత్తమ్మ ఇంకో ముద్దను సుత్తితో సగానికి కొట్టి తానే పెట్టింది. ముల్లు నిలబడింది.

ఆ తల్లి ఇంకా కళ్లు తెరవలేదు. "ఎన్ని పంతులమ్మా?" అన్నది.

ఆమె చెయ్యి పట్టుకొని తీసుకుపోయి ముద్దల మీద పెట్టాను. కళ్లు మూసుకునే ఒక్కొక్కదాన్నీ తడుముకుంది. మూడోదాని మీద చెయ్యి ఆగింది. నాలుగోది తగిలింది. తర్వాత సగం ముక్క తగిలింది. అప్పుడు కళ్లు తెరిచి, కొంగులో ముఖం పెట్టుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వెనుక వరసలోవాళ్లు తొందర పెడుతుంటే మా ఆయన వాళ్లను కసిరారు.

ఆ తల్లి బంగారమంతా గుడ్డలో కట్టించుకొని నెత్తికెత్తుకుంది. బరువుకు రెండు చేతులూ పైకి పెట్టి మూట పట్టుకోవాల్సి వచ్చింది. ఇక పిల్లను ఎత్తుకోవడానికి చేతులు లేవు. నేను పిల్లను దింపి నేల మీద నిలబెట్టాను. అది తల్లి కొంగు చివర పిడికిట్లో పట్టుకొని, బండ్ల మధ్య నుంచి, జనం మధ్య నుంచి, తన కాళ్ల మీద నడుచుకుంటూ పోయింది.